మొహం తెలిసి పేరు తెలియని మాటలు

చిట్టితల్లికి,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నన్ను వదల్లేదు. పరీక్ష కోసం వెయ్యి ఇంగ్లిష్ మాటల లిస్టు రెండుసార్లు పూర్తిచేశావు. మాక్ టెస్టులో మాత్రం మాట ఎక్కడో చూసినట్టే ఉంటోంది, అర్థం తట్టడం లేదు అన్నావు. పైగా "నా మెమరీ బాలేదు నాన్నా" అని నీకు నువ్వే తీర్పిచ్చేసుకున్నావు. మీ అమ్మకు అప్పటినుంచి అదే బెంగ. నీ మెమరీకి ఏమీ కాలేదు. నువ్వు చదివిన పద్ధతికి వచ్చే ఫలితమే వచ్చింది.

దారిలో ఎదురైన మనిషి మొహం పోల్చుకుంటాం కానీ పేరు నోటికి రాదు చూడు, లిస్టును తిరగేస్తూ పోతే మాటలతో ఏర్పడేది ఆ పరిచయమే. చదివేటప్పుడు అర్థం పక్కనే ఉంటుంది కనుక "ఆ, ఇది వచ్చు" అనిపిస్తుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని రెండోసారి చదివించారు, ఇంకో పాఠాన్ని ఒకసారి చదివాక చూడకుండా గుర్తున్నంత వరకు రాయించారు. 5 నిమిషాల తర్వాత అడిగితే రెండోసారి చదివిందే బాగా గుర్తుంది. వారం తర్వాత అడిగితే చూడకుండా రాసిందే ఎక్కువ నిలిచింది. పరీక్ష ఎప్పుడూ 5 నిమిషాల తర్వాత ఉండదు కదా.

కాబట్టి లిస్టును చదవడం ఆపు. కార్డులు చేసుకో. ఒకవైపు మాట, రెండోవైపు అర్థం, దాంతోపాటు ఆ మాట నీకు కనిపించిన వాక్యం. అర్థం మనసులో చెప్పుకున్నాకే కార్డు తిప్పాలి. తప్పు చెప్పినా పరవాలేదు, చెప్పే ప్రయత్నం చేయకుండా తిప్పితే మాత్రం మళ్లీ లిస్టు చదివినట్టే. 1970లలో సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన ఈ కార్డులను అరలున్న పెట్టెలో పెట్టే పద్ధతి ఒకటి ప్రచారంలోకి తెచ్చాడు. సరిగ్గా చెప్పిన కార్డు తర్వాతి అరలోకి వెళుతుంది, తప్పయితే మొదటి అరకు వచ్చేస్తుంది. మొదటి అరను రోజూ చూడాలి, వెనకవాటిని అంతకంతకూ ఎడంగా చూస్తే చాలు. ఇలా ఎడం ఇవ్వడానికి కారణం ఉంది. 1885లోనే ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నది మొదట్లో చాలా వేగంగా మరిచిపోతామనీ, తర్వాత ఆ వేగం తగ్గుతుందనీ చూపించాడు. ఫోన్‌లో ఆంకీ లాంటి యాప్‌లు ఈ లెక్కంతా అవే చూసుకుంటాయి. ఫోన్ చేతిలోకి తీసుకుంటే కార్డులు మాత్రమే చూస్తావని నాకైతే నమ్మకం లేదు. అది నీకే వదిలేస్తున్నాను.

కార్డులను పేకముక్కల్లా కలుపుతూ ఉండు. లిస్టు అక్షర క్రమంలో ఉంటుంది కాబట్టి ఈ మాట తర్వాత ఆ మాట అని వరస గుర్తుంటుంది, అర్థం గుర్తున్నట్టు భ్రమ కలుగుతుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకోటి ఉంది. ఆ క్రమంలో అబేట్, అబెట్ లాంటివి పక్కపక్కనే వచ్చి కూర్చుంటాయి. ఒకటి తగ్గడం, ఇంకోటి నేరానికి తోడ్పడటం. ఎమినెంట్, ఇమినెంట్ లిస్టులో దూరంగా ఉన్నా ఇలాగే తికమక పెడతాయి. మొదటిది పేరున్న మనిషికి వాడేది, రెండోది ముంచుకొస్తున్న దానికి. ఇలాంటి జంటలను ఒకేరోజు మొదలుపెడితే రెండూ కలగాపులగం అవుతాయి. ఒకటి గట్టిపడ్డాక రెండోదాని జోలికి వెళ్లు.

రోజుకు 50 మాటలని ఊరించే ప్రకటనలను పట్టించుకోకు. కొత్తవి 10 చాలు. ఆ 10తోపాటు పాతవాటిని తిప్పే పని ఉంటుంది, అది రోజురోజుకూ పెరుగుతుంది. ఒకరోజు టైమ్ లేకపోతే కొత్తవి మానేయి, పాతవి మానకు.

ఏ మాటలు ముందు అన్నది నీ టెన్షన్‌లో నువ్వు అడగలేదు కానీ, నా దృష్టిలో అసలు సంగతి అదే. లిస్టుల్లో ఎవరూ వాడని వింత మాటలు బోలెడుంటాయి. న్యూజిలాండ్‌కు చెందిన ఎవరిల్ కాక్స్‌హెడ్ అనే పరిశోధకురాలు 2000లో చదువుల పుస్తకాల్లో పదేపదే వచ్చే 570 పద కుటుంబాలను ఏరి ఒక పట్టిక ఇచ్చింది. అలాంటి రచనల్లోని మాటల్లో సుమారు 10 శాతం వాటివే. అనలైజ్, సిగ్నిఫికెంట్, హైపోథసిస్ లాంటివన్నమాట. రీడింగ్ ప్యాసేజీలో నిన్ను ఆపేసేవి ఎక్కువగా ఇలాంటివే. వాటిని కుటుంబంగా పట్టుకో. అనలైజ్‌తోపాటే అనాలిసిస్, అనలిటికల్ కూడా వచ్చేయాలి.

మూల ధాతువుల గురించి కోచింగ్‌లలో గొప్పగా చెబుతారు. సగం నమ్ము. లాటిన్ నుంచి వచ్చిన ధాతువుల్లో బెనె అంటే మంచి, మాల్ అంటే చెడు అని తెలిస్తే బెనవలెంట్, మలిషస్ గుర్తుండిపోతాయి. కానీ ఇలాగే మాట ముందు ఇన్ ఉంటే "కాదు" అని అర్థం ఊహించబోతే ఇన్‌ఫ్లేమబుల్ దగ్గర బోల్తా పడతావు. అది నిప్పంటుకోనిది కాదు, తేలిగ్గా అంటుకునేది. ఇన్‌వాల్యుయబుల్ అంటే విలువ లేనిది కాదు, వెలకట్టలేనిది. ధాతువు నేర్చిన మాటను నిలబెట్టడానికి పనికొస్తుంది, తెలియని మాటకు తీర్పు చెప్పడానికి కాదు.

పర్యాయపదాల వరసలు బట్టీ పట్టడం నాకు అసలు నచ్చదు. ఫేమస్, నటోరియస్ రెండింటికీ ప్రసిద్ధి అని రాసుకుంటే దొంగకూ శాస్త్రవేత్తకూ తేడా పోతుంది. ఆస్క్ పక్కన ఇన్‌క్వైర్, బిగిన్ పక్కన కమెన్స్ ఉండటానికి కారణం 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలవడం. ఏలినవాళ్ల ఫ్రెంచి నుంచి వచ్చిన మాటలు దర్జాగా, కాగితాల భాషగా నిలిచాయి, పాతవి రోజువారీ మాటలుగా మిగిలాయి. అర్థం ఒకటే, చోటు వేరు. పరీక్ష అడిగేది ఎక్కువగా ఈ చోటే. విదేశాల్లో పైచదువులకు రాసే జీఆర్ఈలో వ్యతిరేక పదాల ప్రశ్నలను 2011లో తీసేశారు, ఇప్పుడు వాక్యంలో ఖాళీలు నింపాలి. అలాంటి ప్రశ్న వస్తే ముందు ఆప్షన్లను చేత్తో మూసేయి. ఆల్దో, డిస్పైట్ లాంటివి ఉంటే వాక్యం మలుపు తిరుగుతోందని అర్థం. ఆ ఖాళీలో నీకు తోచిన మాట, తెలుగులోనైనా సరే, పెట్టుకో. ఆ తర్వాతే ఆప్షన్లు చూడు.

వీటన్నిటితో పాటు రోజూ కాస్త ఇంగ్లిష్ చదువు. వార్తాపత్రికలు, నవలలు ఎవరి సాయం లేకుండా చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు తెలియాలని పాల్ నేషన్ అనే భాషా పరిశోధకుడు 2006లో లెక్కగట్టాడు. అన్ని కార్డులు ఎవరు చేస్తారు? మిగతావి చదువులోనే అంటుకోవాలి. 50 మాటల్లో ఒకటికి మించి తెలియనిది తగులుతుంటే ఆ పుస్తకం పక్కన పెట్టు, తేలికది తీసుకో. ప్రతి మాటకూ డిక్షనరీ తీయకు. పెన్సిల్‌తో గీత పెట్టి, ఊహించి, పేజీ అయ్యాక చూడు. డిక్షనరీ కూడా లర్నర్స్ డిక్షనరీయే వాడు. వాటిలో అర్థాలు తేలిక మాటల్లో ఉంటాయి, ఏ మాట పక్కన ఏది వస్తుందో కూడా ఉంటుంది. వాన జోరుగా ఉంటే హెవీ రెయిన్ అంటారు కానీ స్ట్రాంగ్ రెయిన్ అనరని అక్కడే తెలుస్తుంది.

పరీక్షకు ముందు వారం కొత్త మాట ఒక్కటి కూడా ముట్టుకోకు, పదేపదే తప్పుతున్న కార్డులే తిప్పు. ఆ వారం రాత్రి పదకొండు దాటాక లైటు వెలుగుతుంటే మీ అమ్మ ఫోన్ చేస్తానంటోంది. నేను ఆపను.

ఆశీస్సులతో,
నాన్న