ఇంజన్‌కూ ఒక కాగితం ఉండాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

హనుమకొండలో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో రెండు సీట్ల చిన్న కారు ఒకటి ఉంది. దాని గొట్టాల ఛాసిస్‌ను, అంటే బండి అస్థిపంజరాన్ని, ఫైబర్ బాడీని మరో రాష్ట్రంలో ఏడాదికి పది సెట్లకు మించి చేయని ఒక చిన్న వర్క్‌షాపు నుంచి తెప్పించుకున్నాం. ఇంజన్, గేర్‌బాక్స్, వెనుక యాక్సిల్, బ్రేకులు, వైరింగ్ మేమే సమకూర్చుకుని, నాలుగేళ్ల పాటు ఆదివారాలన్నీ దానికే కేటాయించి బిగించాం. మేమంటే పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన నేను, ఆటోనగర్‌లో లేత్ నడిపే నా మిత్రుడు, డిప్లొమా చదువుతున్న మా మేనల్లుడు. కారు చక్కగా నడుస్తుంది. అయితే దానికి రిజిస్ట్రేషన్ దొరికే దారి లేదు కనుక ట్రాలీ మీద ఎక్కించి ధర్మసాగర్ వైపు మరో మిత్రుని మామిడితోటకు తీసుకువెళ్లి, ఆ తోట బాటల్లోనే నడుపుకుంటున్నాం. మాలాంటి వారు ఉత్తర తెలంగాణలో మరికొందరు ఉన్నారు కాబట్టి, ముఖ్యంగా ఇంజన్ కొనుగోలు విషయంలో మేము పడిన ఇబ్బంది ఇతరులకూ తప్పదు కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

కిట్ కారు అన్న మాట చాలామందికి కొత్త కావచ్చు. కారును తయారుగా కాకుండా భాగాలుగా కొని, ఇంట్లో కూర్చుకునే పద్ధతి అది. బ్రిటన్‌లో 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌తో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. పూర్తిగా తయారైన కారుపై అక్కడ కొనుగోలు పన్ను పడేది, విడిభాగాల సెట్టుపై పడేది కాదు. అందువల్ల మధ్యతరగతి కుర్రవాళ్లు సెట్టు కొనుక్కుని తామే బిగించుకునేవారు. 1973లో ఆ కారు హక్కులు కేటర్‌హామ్ అనే సంస్థకు వెళ్లాయి, ఇప్పటికీ అదే రూపంలో తయారవుతోంది. మన పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. ఆ సంస్థ 2013లో తెచ్చిన సెవెన్ 160 అనే కారులో వాడినది జపాన్‌లోని చిన్న కార్లకు వేసే సుజుకీ 660 సీసీ టర్బో ఇంజన్. గేర్‌బాక్స్, వెనుక యాక్సిల్ కూడా సుజుకీవే. కారు బరువు 490 కిలోలు, ఇంజన్ శక్తి 80 హార్స్‌పవర్. తేలికైన బండికి పెద్ద ఇంజన్ అక్కర్లేదన్న మాట నేను తరగతిలో ఏళ్ల తరబడి చెప్పినదే. ఈ కారు దాన్ని చేసి చూపింది.

ఆ ఆలోచనతోనే మేమూ ఇంజన్ కోసం వెతికాం. ముందుగా తేల్చుకోవలసింది సీసీ ఎంత, హార్స్‌పవర్ ఎంత అన్నది కాదు, ఇంజన్ ఏ వైపు తిరిగి కూర్చుంటుందన్నది. మారుతి 800, జెన్, ఆల్టో వంటి కార్లలో ఇంజన్ అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది. ముందు పొడవాటి బానెట్, వెనుక చక్రాలకు శక్తి అందాల్సిన మా ఛాసిస్‌కు అది పనికిరాదు. ఓమ్నీ, ఈకో, జిప్సీ వాహనాల్లో ఇంజన్ నిలువుగా ఉండి, ప్రొపెల్లర్ షాఫ్ట్ ద్వారా వెనుక యాక్సిల్‌కు శక్తి పోతుంది. జిప్సీ 1,298 సీసీ ఇంజన్ మంచిదే కానీ మా చేతికి అందే ధరలో దొరకలేదు. ఓమ్నీలో ఉన్నది మారుతి 800లోని 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజనే. వరంగల్‌లో ఏ మూలకు వెళ్లినా దాని సామాను దొరుకుతుంది, దాన్ని విప్పి బిగించగల మెకానిక్ ప్రతి వీధిలోనూ ఉంటాడు. కనుక ఓమ్నీ ఇంజన్ అనుకున్నాం.

మొదట హైదరాబాద్‌లోని ఒక పాత విడిభాగాల బజారులో విడి ఇంజన్ చూశాం. పద్దెనిమిది వేలు చెప్పారు. మూడు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, సెల్ఫ్ మోటారుతో తిప్పుతూ సిలిండర్ లోపలి ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ మీటరుతో చూస్తే రెండు సిలిండర్లు 11 కిలోల చొప్పున, మూడోది 8 కిలోలు చూపింది. ఆ మూడోదానిలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ తిప్పాం. మీటరు పైకి లేచింది. అంటే వాల్వులు బాగానే ఉన్నాయి, పిస్టన్ రింగులు అరిగాయన్నమాట. రింగులు మార్చుకోవచ్చు, బోరు చేయించుకోవచ్చు, అది పెద్ద ఇబ్బంది కాదు. మమ్మల్ని ఆపినది ఇంజన్ నంబరు. బ్లాక్ మీద నంబరు ఉండే చోట గ్రైండింగ్ గీతలు కనిపించాయి, అంకెల లోతు ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంది. బిల్లు అడిగితే దుకాణదారు ఇవ్వనన్నాడు. ఆ ఇంజన్ ఏ బండిదో, ఆ బండి ఎవరి ఇంటి ముందు నుంచి మాయమైందో మాకు తెలియదు. డబ్బు వెనక్కి జేబులో పెట్టుకుని వచ్చేశాం. ఆ తర్వాత చూసిన మరో రెండు దుకాణాల్లో నంబర్లు సవ్యంగానే ఉన్నా, ఆ నంబరుకు సంబంధించిన ఆర్సీ నకలు గానీ, ఏ బండి నుంచి తీశారన్న ఒక్క వాక్యపు రసీదు గానీ ఇచ్చేవారు లేరు.

చివరకు విడి ఇంజన్ ఆలోచన మానుకుని, పరకాలలో ఒక రైతు దగ్గర ఏపీ 36 నంబరుతో ఉన్న పాత ఓమ్నీని బండిగానే కొన్నాం. దాని కింది భాగమంతా తుప్పు పట్టి ప్లాట్‌ఫారం చేయి పెడితే రాలిపోయేలా ఉంది గానీ ఇంజన్ మాత్రం ఆరోగ్యంగా ఉంది. కిట్ కారు కట్టాలనుకునే ఎవరికైనా నేను చెప్పే మొదటి సలహా ఇదే. ఇంజన్ ఒక్కదాన్నే కొనకండి, బండిని కొనండి. గేర్‌బాక్స్, క్లచ్, యాక్సిల్, రేడియేటర్, వైరింగ్, కొలతల మీటర్లు అన్నీ ఒకదానికొకటి సరిపోయేవే వస్తాయి. కార్బురేటర్ బదులు కంప్యూటరు లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ ఇంజన్ అయితే ఇది మరింత ముఖ్యం. కంప్యూటరు, సెన్సర్లు, పెట్రోలు పంపు అదే బండివి కాకపోతే తర్వాత వైర్ల చిక్కు విప్పడానికి నెలలు పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, మనం ఎవరి వద్ద, ఏ నంబరు ఇంజన్ కొన్నామో చెప్పే ఆర్సీ చేతిలో ఉంటుంది.

బిగించడంలో మేము నేర్చుకున్నవి చాలా ఉన్నాయి, రెండు మూడు మాత్రం చెబుతాను. ఓమ్నీలో ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది; దాన్ని బానెట్ కిందికి తెచ్చినప్పుడు గేరు రాడ్డుల అమరిక మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది, సైలెన్సర్ మొదటి గొట్టం స్టీరింగ్ రాడ్డుకు తగులుతుంటే దాన్ని వంచి కొత్తగా వెల్డింగ్ చేయించాల్సి వచ్చింది. ఇంజన్‌ను ఎంత కిందికి దించితే బండి అంత నిలకడగా ఉంటుంది, కానీ ఆయిల్ చాంబర్ నేలకు తగలకూడదు; ఈ రెండింటి మధ్య అంగుళం అంగుళం కోసం మేము చెక్క దిమ్మెలు పెట్టి ఎన్ని సార్లు ఎత్తి దించామో లెక్క లేదు. గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్, వెనుక యాక్సిల్‌లోకి శక్తిని తీసుకునే పినియన్ షాఫ్ట్ ఒకదానికొకటి సమాంతరంగా ఉండి, వాటిని ప్రొపెల్లర్ షాఫ్ట్‌తో కలిపే రెండు క్రాస్ జాయింట్ల దగ్గర కోణాలు సమానంగా ఉండాలి. మాకు మొదట అది కుదరక, కొద్దిగా వేగం పెరగగానే బండి మొత్తం వణికేది. మౌంటింగుల కింద పలుచని ప్లేట్లు వేసి సరిచేశాక, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు తగ్గించి బ్యాలెన్సింగ్ చేయించాక ఆ వణుకు పోయింది.

ఒక పొరపాటు మాత్రం ప్రమాదకరమైనది. రబ్బరు మౌంటింగుల మీద కూర్చున్న ఇంజన్‌కు, ఛాసిస్‌కు మధ్య కరెంటు పోవడానికి దళసరి ఎర్త్ వైరు వేయాలి. మేము అది మరిచిపోయి సెల్ఫ్ కొట్టాం. మోటారుకు కావలసిన కరెంటంతా యాక్సిలరేటర్ కేబుల్ గుండా పోయి, ఆ కేబుల్ ఎర్రగా కాలి పొగ వచ్చింది. పక్కనే పెట్రోలు పైపు ఉంది. మేనల్లుడు వెంటనే బ్యాటరీ టెర్మినల్ లాగేయడంతో బతికిపోయాం. ఇంట్లో కట్టిన బండిని నిపుణుడైన అధికారి ఒకరు కింద నుంచి పై దాకా తనిఖీ చేయాలని నేను మనస్ఫూర్తిగా కోరడానికి ఆ రోజే కారణం. తనిఖీ నుంచి తప్పించుకోవాలని మేము అడగడం లేదు, తనిఖీ చేయమని అడుగుతున్నాం.

ఇక చట్టం సంగతి. కొత్త బండి రిజిస్ట్రేషన్‌కు అమ్మకపు ధ్రువపత్రమైన ఫారం 21, రోడ్డుకు యోగ్యమని తయారీదారు ఇచ్చే ఫారం 22 కావాలి. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 1989లోని 126వ నియమం ప్రకారం తయారీదారు తన నమూనా బండిని పుణెలోని ఏఆర్ఏఐ వంటి వాహన పరీక్షా సంస్థలో పరీక్షింపజేసుకోవాలి. వేల బండ్లు చేసే కంపెనీ ఆ ఖర్చును వేల బండ్ల మీద పంచుకుంటుంది. జీవితంలో ఒకే ఒక్క బండి కట్టేవాడు దాన్ని దేని మీద పంచాలి? పాత ఓమ్నీ ఆర్సీ మీదనే కొత్త రూపాన్ని నమోదు చేయించుకుందామంటే, 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అడ్డం వస్తుంది. తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని అది చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ఇష్టం వచ్చినట్టు సైలెన్సర్లు మార్చి వీధుల్లో భయపెట్టేవారిని అదుపు చేయడానికి ఆ నియమం అవసరమేనని నేను ఒప్పుకుంటాను.

కానీ మాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఆ తర్వాత జరిగింది. ఓమ్నీని విప్పేశాం కనుక 55వ సెక్షన్ ప్రకారం ఆ సంగతి రవాణా కార్యాలయానికి తెలిపి ఆర్సీ అప్పగించాం. బండి రద్దయింది. దానితో పాటు, మా ఇంజన్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ఏకైక అధికారిక పత్రం కూడా మా చేతి నుంచి పోయింది. నియమం పాటించినందుకు మేము ఆ బజారులో గ్రైండింగ్ గీతల ఇంజన్ కొన్నవాడితో సమానమయ్యాం. ఇద్దరి వద్దా ఇంజన్ ఉంది, ఇద్దరి వద్దా చెల్లే కాగితం లేదు. కాగితం ఇవ్వని దుకాణదారుకు, కాగితం అడగని కొనుగోలుదారుకు ఈ పద్ధతి అనుకూలంగా ఉంది, నిజాయితీగా కొన్నవాడికే లేదు.

మేము కోరేవి అసాధ్యమైనవి కావు. బండిని రద్దు చేసేటప్పుడు దాని ఇంజన్‌ను యజమాని ఉంచుకున్నా, మరొకరికి అమ్మినా, ఆ ఇంజన్ నంబరుతో ఒక చిన్న ధ్రువపత్రం ఇవ్వాలి. 2021 నిబంధనల కింద నమోదవుతున్న వాహన స్క్రాపింగ్ కేంద్రాలు పనికివచ్చే ఇంజన్లను అటువంటి పత్రంతోనే అభిరుచిదారులకు, ఇంజనీరింగ్ కళాశాలలకు అమ్మగలిగితే దొంగ ఇంజన్ల గిరాకీ కొంతైనా తగ్గుతుంది. ఇది రాష్ట్ర రవాణా శాఖ కేంద్రానికి ప్రతిపాదించదగిన చిన్న మార్పు.

రెండవది, ఒక్కొక్క బండిని విడిగా పరీక్షించే పద్ధతి. బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన కార్లకు ఇటువంటి తనిఖీ ఇప్పటి రూపంలో 2009 నుంచి ఉంది. బ్రేకులు, దీపాలు, స్టీరింగ్, సీటు బెల్టులు, పదునైన అంచులు అన్నీ చూస్తారు. పొగ పరిమితిని ఇంజన్ తయారైన కాలాన్ని బట్టి నిర్ణయిస్తారు, ఆ కాలాన్ని పత్రంతో రుజువు చేసుకోవలసింది యజమానే. అమెరికా 2015లో ఏడాదికి 325కు మించకుండా పాత నమూనాల కార్లు చేసే చిన్న తయారీదారులకు వేరే చట్టం చేసింది. మన దేశంలోనూ ప్రత్యేక మినహాయింపులు లేకపోలేదు. 50 ఏళ్లు దాటిన కార్లకు 2021లో వీఏ అక్షరాలతో వేరే నంబరు వరుస ఇచ్చి, వాటిని రోజువారీ అవసరాలకు, వ్యాపారానికి వాడకూడదని షరతు పెట్టారు. అదే రీతిలో చేతితో కట్టిన బండ్లకూ ఒక వరుస ఇచ్చి, అమ్మకంపైనా వాడకంపైనా ఎంత గట్టి షరతులు పెట్టినా మాకు సమ్మతమే.

తనిఖీ చేయగలవారు మన దగ్గర లేరన్న మాట నిలవదు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన ఎన్ఐటీ మన ఊరిలోనే ఉంది. బాహా, సుప్రా వంటి పోటీల కోసం దేశమంతటా ఇంజనీరింగ్ విద్యార్థులు ఏటా ఛాసిస్‌లు వెల్డింగ్ చేసి, ఇంజన్లు బిగించి, నిపుణుల తనిఖీలో నెగ్గిన తర్వాతే బండిని ట్రాక్ మీదికి దించుతున్నారు. ఆ తనిఖీ పట్టికలనే ఆధారం చేసుకుని, కళాశాల అధ్యాపకుడు ఒకరు, మోటారు వాహన తనిఖీ అధికారి ఒకరు కలిసి ఒక పూట కేటాయిస్తే మా వంటి బండి మంచిచెడ్డలు తేలిపోతాయి. నిబంధనలు మార్చవలసింది కేంద్ర రవాణా శాఖ కనుక, వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి, ఆదిలాబాద్ పార్లమెంటు సభ్యులు ఈ విషయాన్ని అక్కడ ప్రస్తావించాలని మీ పత్రిక ద్వారా వినయంగా కోరుతున్నాను.

ఓమ్నీ ఆర్సీ నకలు, రైతు సంతకంతో ఉన్న రసీదు, ఇంజన్ నంబరు ఫొటోలు, మేము చేసిన ప్రతి వెల్డింగ్ కొలతల పట్టిక ఒక ఫైలులో భద్రంగా ఉంచాం. ఏ అధికారి ఏ రోజు పిలిచినా ఆ ఫైలుతో సహా కారును ట్రాలీ మీద తెచ్చి చూపిస్తాం.

భవదీయుడు,
విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
హనుమకొండ