జింబోచోలో మన అబిడ్స్

టోక్యో, నిషికసాయి
నవంబరు 2

నాన్నా,

మీరిద్దరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? ఇక్కడ చలి మొదలైంది. నేను బాగానే ఉన్నాను.

నిన్న జింబోచో వెళ్ళాను. ఫోన్లో చెప్పానే, పాత పుస్తకాల పేట, అదే. వందకు పైగా కొట్లు ఒక్కచోటే ఉంటాయి. పాత పటాలకు ఒక కొట్టు, సినిమా, నాటకాల పుస్తకాలకు ఒకటి, సైన్సుకు ఇంకొకటి. హైదరాబాదులో మన అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల్లోలా డాక్టరు చదువు పుస్తకం కింద డిటెక్టివ్ నవల దొరకదు.

పుట్టుక మాత్రం కోఠి కొట్లలాంటిదే. 1880ల్లో ఈ చుట్టుపక్కల లా కాలేజీలు వెలిశాయట. చదువు అయిపోయినవాళ్ళు పుస్తకాలు అమ్మడం, కొత్తగా చేరినవాళ్ళు కొనడం, అలా కొట్లు పెరిగాయి. అక్క ఇంజనీరింగ్ పుస్తకాలు కోఠిలో అమ్మి, ఆ డబ్బుతోనే నా ఇంటర్ పుస్తకాలు కొన్నావు, గుర్తుందా?

నాన్నా, ఒక సంగతి నీకు చెప్పాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. యాసుకుని రోడ్డు మీద పుస్తకాల కొట్లు దాదాపు అన్నీ దక్షిణం వైపు వరసలోనే ఉన్నాయి. వాకిళ్ళు ఉత్తరానికి. ఎండ పొడ తగిలితే పుస్తకాలు పాడవుతాయని అలా చూసుకున్నారట. ఆ మాట వినగానే మే నెల అబిడ్స్ కళ్ళ ముందుకొచ్చింది. జీపీవో దాటాక ఫుట్‌పాత్ మీద పట్టా పరుచుకుని కూర్చునే తాత, ఎండ జరిగినకొద్దీ పుస్తకాలు జరుపుకుంటూ, ఆఖరికి తన తలగుడ్డ తీసి నిఘంటువు మీద కప్పాడు చూడు, అదే గుర్తొచ్చింది. ఆయనకూ పుస్తకమంటే అంతే ప్రాణం. ఉత్తరం వాకిలి ఉన్న కొట్టు లేదు, అంతే.

ఇక్కడ మామూలు ఆదివారాల్లో చాలా కొట్లు మూసే ఉంటాయి. మనకేమో షాపుల షట్టర్లు దించితేనే పుస్తకాలకు చోటు. కానీ 1960 నుంచి ఏటా ఈ రోజుల్లో పాత పుస్తకాల పండగ చేస్తున్నారు. అప్పుడు ఫుట్‌పాత్ పొడుగునా బీరువాలు పెడతారు. ఒకపక్క కొట్లు, ఒకపక్క బీరువాలు, మధ్య సందులో జనం. నిన్న అక్కడ నీ వయసు పెద్దమనిషి ఒకాయన, సంచి పక్కన పెట్టి, కింది అరలో పుస్తకాల కోసం గొంతుక్కూర్చున్నాడు. ఒక పుస్తకం తీసి ముందు వాసన చూశాడు. అచ్చం నువ్వే. కాసేపు అక్కణ్నుంచి కదలలేకపోయాను.

బేరం మాత్రం లేదు. వెనక అట్ట లోపల చిన్న చీటీ, దాని మీద పెన్సిల్‌తో వెల. అంతే ఇవ్వాలి. వద్దన్నట్టు పుస్తకం కింద పెట్టి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగే నీ విద్యకు ఇక్కడ పనిలేదు. నాకది నిజంగా వెలితిగానే ఉంది.

అమ్మకని పూల బొమ్మల పుస్తకం ఒకటి కొన్నాను. జపనీస్ రాకపోయినా ఫరవాలేదు, మందారం అమ్మ గుర్తుపడుతుంది. చీటీ తీయకుండా పంపుతున్నాను. ఎనిమిది వందల యెన్‌లు. నువ్వయితే ఎంతకు అడిగేవాడివో రాయి.

ఉంటాను,
నీ చిన్నమ్మాయి