మీ కిట్టూ నెగెటివ్, మీ ల్యాబూ నెగెటివ్

హైదరాబాద్,
31 జనవరి 2022

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ కోవిడ్ హోమ్ టెస్ట్ కిట్, మీ ల్యాబ్ ఇచ్చిన ఆర్‌టీపీసీఆర్ (వైరస్ జన్యువుని పెంచి చూసే ల్యాబ్ టెస్టు) రిపోర్టుపై ఫిర్యాదు

అయ్యా,

మీ కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి "కిట్‌ని అంత నమ్మకూడదు మేడమ్, ఆర్‌టీపీసీఆర్ చేయించుకోవాల్సింది" అన్నారు. రెండోసారి ఆ ఆర్‌టీపీసీఆర్ సంగతే అడిగితే "ఏ టెస్టూ వంద శాతం కాదు మేడమ్" అన్నారు. మూడోసారి ఎవరూ ఎత్తలేదు. అందుకే ఈ ఉత్తరం.

జనవరి 12న గొంతులో కాస్త గరగరగా ఉంది. మర్నాడు సంక్రాంతికి జనగామ వెళ్లాలి, అక్కడ అత్తమ్మకి 71 ఏళ్లు, షుగర్. రామంతాపూర్‌లో మా వీధి మెడికల్ షాపులో మీ కిట్ కొని చూసుకున్నాను. సీ (కంట్రోల్) దగ్గర ఒక్క గీతే వచ్చింది, అంటే నెగెటివ్. డబ్బా మీద పెద్దక్షరాల్లో '15 నిమిషాల్లో కచ్చితమైన ఫలితం' అని ఉంది కదా, ధైర్యంగా ఉప్పల్‌లో బస్సెక్కాం. అత్తమ్మ పక్కన కూర్చుని సకినాలు చుట్టాను. పండగ రాత్రికి నాకు జ్వరం, 17న ఆమెకి. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చింది గానీ నాలుగడుగులేస్తే ఇంకా ఆయాసమే.

ఇందులో నా తప్పూ ఉంది. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. ఇలాంటి కిట్‌లోని యాంటిజెన్ కార్డు వైరస్ ప్రొటీన్‌ని ఉన్నదున్నట్టు చూస్తుందే గానీ పెంచి చూడదనీ, మొదట్లో వైరస్ తక్కువగా ఉంటే గీత రాకపోవచ్చనీ నాకు గుర్తుండాలి. సీ గీత చెప్పేది ద్రవం పట్టీ మీద సరిగ్గా పారిందని మాత్రమే, ముక్కులోంచి మనం సరిగ్గా తీశామో లేదో దానికేం తెలుసు? లక్షణాలుండి నెగెటివ్ వస్తే ఆర్‌టీపీసీఆర్ చేయించుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2021 మేలోనే చెప్పింది. మీరూ ఆ మాట రాశారు. ఎక్కడ? లోపలి కాగితం నాలుగో మడతలో, చీమ తలకాయంత ఇంగ్లిష్ అక్షరాల్లో. తెలుగులో ఒక్క ముక్క లేదు. మా వాచ్‌మన్ కూడా ఇదే కిట్ కొన్నాడు.

కిట్ సంగతి ఎలాగో సరిపెట్టుకుంటాను. ల్యాబ్ సంగతి అలా కాదు. 18న మావారికి దగ్గు మొదలైతే మీ యాప్‌లోనే బుక్ చేసి 750 రూపాయలు కట్టాం. పొద్దున 9 గంటలకి వచ్చిన అబ్బాయి గుమ్మంలోనే నిలబడి, పుల్లని ముక్కు అంచున రెండు సెకన్లు తిప్పి, ట్యూబులో వేసుకుని వెళ్లిపోయాడు. గొంతు జోలికే పోలేదు. మర్నాడు రిపోర్టులో 'నాట్ డిటెక్టెడ్'. శాంపిల్ అన్నచోట 'ముక్కు, గొంతు స్వాబ్', తీసిన సమయం మధ్యాహ్నం 2.10! అది చూసి మావారు మాస్కు తీసేసి మా పాపకి అన్నం తినిపించారు. దగ్గు తగ్గక 20న బస్తీ దవాఖానాలో ర్యాపిడ్ టెస్టు చేయించుకుంటే పాజిటివ్. 22న పాపకి జ్వరం. దవాఖానాలో నర్సమ్మ పుల్ల లోపలిదాకా పెడితే మావారికి కళ్లలో నీళ్లు తిరిగాయట.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక అంకుల్ ఉన్నారు. 2020లో టాంజానియా అధ్యక్షుడు బొప్పాయికి పాజిటివ్ వచ్చిందన్న మాట పట్టుకుని, లిఫ్టులో కనబడిన వాళ్లందరికీ టెస్టులన్నీ బోగస్ అని చెబుతుంటారు. ఆయనతో వాదించేది నేనే. పీసీఆర్‌లో సైకిల్‌కోసారి వైరస్ జన్యువు కాపీ ఒకటి రెండవుతుంది, అన్నీ సరిగ్గా సాగితే 30 సైకిళ్లకి వంద కోట్లు దాటుతుంది, అందుకే రవ్వంత ఉన్నా దొరుకుతుంది అని చెప్పేదాన్ని. మన హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు తెచ్చిన డ్రై స్వాబ్ (పుల్లని ద్రవంలో వేయకుండా పొడిగానే పంపే) పద్ధతిని ఐసీఎంఆర్ ఒప్పుకుందని గొప్పలు కూడా పోయాను. ఇప్పటికీ అదే అంటాను. కానీ పుల్లకి అంటనిదాన్ని ఏ మిషన్ రెట్టింపు చేస్తుంది? ఇప్పుడు అంకుల్ నన్ను చూసి నవ్వుతున్నారు. ఆయనకి ఆ అవకాశం ఇచ్చింది మీరు.

ఏ టెస్టూ వంద శాతం కాదన్నది నిజమే. ఆ మాట డబ్బులు తీసుకునే ముందు చెప్పండి, డబ్బా ముందువైపు, తెలుగులో. మావారి రిపోర్టులో శాంపిల్ వివరాలూ సమయమూ సరిదిద్ది, 750 తిరిగి ఇవ్వండి. ఇంకోటి, పుల్లకి మనిషి కణాలు అంటుకున్నాయో లేదో తెలియడానికి చాలా ఆర్‌టీపీసీఆర్ కిట్లలో మనిషి జన్యువు ఒకదాన్ని కంట్రోల్‌గా చూస్తారు. మావారి శాంపిల్‌లో అది ఎన్నో సైకిల్‌కి వచ్చిందో గ్రాఫుతో సహా పంపండి. చూడకపోతే చూడలేదని రాసివ్వండి.

ఆ అబ్బాయిని ఉద్యోగంలోంచి తీసేసి చేతులు దులుపుకోవద్దు. ఆ రోజు తనకి ముప్ఫై బుకింగులున్నాయని లిస్టు చూపించాడు, ఆ లిస్టు ఇచ్చింది మీరే.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. బిల్లులు, రెండు రిపోర్టులు, కిట్ డబ్బా ఫోటోలు జతచేశాను. ఆ రోజు కొన్న రెండో కిట్ ఇంకా విప్పలేదు. మీ మనిషిని పంపితే ఇచ్చేస్తాను, దాని డబ్బులు కూడా పట్టుకు రమ్మనండి.

ఇట్లు,
మీ కస్టమర్,
రామంతాపూర్