ముగ్గురిలో ఒకరు సరే, ఆ ఒకరు ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

బడిలో పిల్లలు పిల్లల్ని వేధించడం మీద వార్త వస్తే చాలు, 'ముగ్గురిలో ఒకరు' అన్న లెక్క కనిపిస్తుంది. 2019 యునెస్కో నివేదికలోది అది. గడిచిన నెల రోజుల్లో ఒక్కసారైనా వేధింపు ఎదురైందన్న పిల్లల లెక్క, ఎన్నో దేశాలవి కలిపి తీసింది. మన జిల్లా బడి గురించి దాంతో ఏం తెలుస్తుంది?

మునుగోడు, మర్రిగూడ వైపు హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ఒకసారి పరిశోధన చేస్తున్న అమ్మాయి మా బడికి ఫారాలు తెచ్చింది. పిల్లల వివరాల కింద అడిగింది వయసు, తరగతి, బాలుడా బాలికా, అంతే. మా క్లాసులో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే పిల్లలుండేవారు. ఫ్లోరైడ్ నీళ్లు చేసిన పని. పళ్లు పైకి రాకముందే పట్టే మరక అది, ఎంత తోమినా పోదు. వాళ్లకు పెట్టిన పేర్లు ఇక్కడ రాయలేను. తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలనైతే వాళ్ల తెలుగు పట్టుకుని వెక్కిరిస్తారు. పాలమూరు దిక్కు అమ్మానాన్న బొంబాయి, పుణె పనులకు పోతే నాయనమ్మ దగ్గర మిగిలే పిల్లల బాధ ఇంకో రకం. ఫారంలో మాత్రం అందరూ 'బాలుడు, 14'.

యూరప్‌లో పిల్లల ఆరోగ్యంపై చేసే పెద్ద సర్వేలో ఇంటి స్థితి తెలియడానికి కారుందా, నీకు వేరే గది ఉందా అని అడుగుతారు. అవే ఇక్కడ దించితే క్లాసంతా ఒకే గడిలో పడుతుంది. మనం అడగాల్సింది హాస్టలా ఇల్లా, ఇంట్లో మాట్లాడేది తెలుగా లంబాడీయా, అమ్మానాన్న ఊళ్లోనే ఉన్నారా అని. కులం కూడా అడగాలి. తిట్టేవాళ్లకు లేని మొహమాటం పరిశోధకులకెందుకో!

అయితే అమ్రాబాద్ దిక్కు ఒక క్లాసులో చెంచు పిల్ల ఒక్కతే ఉంటే, బడి, తరగతి, తెగ మూడూ అచ్చేయడమంటే ఆ పిల్ల పేరు అచ్చేసినట్టే. అలాంటప్పుడు బడి పేరు తీసేసి నాలుగు మండలాలు కలిపి చెప్పాలి. ఇక ప్రశ్నలు పైకి చదివి చేతులెత్తించడం అసలు కూడదు. మా దగ్గర జరిగింది అదే. వేధించేవాడి పక్కనే కూర్చుని ఏ పిల్లాడు చెయ్యెత్తుతాడు?

మీ విలేకరులకు ఒక మనవి. శాతం వేసినప్పుడు ఎన్ని బళ్లు, ఏ మండలాలు, హాస్టల్ పిల్లలెందరు, ఖాళీ ఫారాలెన్ని అన్నది కూడా రెండు ముక్కల్లో వేయండి. పరిశోధకులు ఆ వివరాలు ఇవ్వకపోతే, ఇవ్వలేదని రాయండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, నల్లగొండ జిల్లా