డిగ్రీ ప్రవేశాల క్యాలెండర్‌లో గోదావరి వరదకీ చోటివ్వండి

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి అధ్యక్షుల వారికి,

నమస్కారం. విశ్వవిద్యాలయాల మధ్య సమన్వయం కోసమే 1988 చట్టంతో మండలి ఏర్పడింది. ఆ సమన్వయం డెల్టా కాలేజీల్లో ఎక్కడ తెగుతోందో చెప్పడానికే ఈ లేఖ.

ఇంటర్ ఫలితాలు ఏప్రిల్‌లోనే వచ్చేస్తున్నాయి. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ మండలి తరఫున జరుగుతుంది, కౌన్సెలింగ్ సాంకేతిక విద్యాశాఖ చూస్తుంది, డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలు మళ్లీ మండలివి. ఇంజినీరింగ్, డిగ్రీ జాబితాలు రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. డిగ్రీలో చేరిన పిల్లవాడికి తర్వాతి విడతలో ఇంజినీరింగ్ సీటొస్తే అటు వెళ్లిపోతాడు. ఇక్కడ కాగితం మీద మాత్రం ఉంటాడు. టీసీ కోసం వచ్చినప్పుడుగానీ ఖాళీ బయటపడదు.

2023-24 నుంచి డిగ్రీలో ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ విధానం వచ్చాక ఈ నష్టం పెరిగింది. వెబ్ ఆప్షన్ పెట్టేటప్పుడే కాలేజీతో పాటు మేజర్ కూడా ఎంచుకోవాలి. ఆక్వాకల్చర్‌లోనో, కెమిస్ట్రీలోనో తగినంత మంది మిగలకపోతే ఆ మేజర్ ఎత్తేస్తారు. మిగిలిన నలుగురైదుగురు ఇష్టం లేని మేజర్‌కి మారాలి, లేదా బస్సు పాసు తీసుకుని రాజమహేంద్రవరమో, భీమవరమో వెళ్లాలి. ఆడపిల్లల విషయంలో చాలా ఇళ్లలో రెండోది జరగని పని. ఇంటర్ హాల్‌టికెట్ నంబరుతో రెండు జాబితాలూ రోజూ సరిచూస్తే, ఇంజినీరింగ్‌లో రిపోర్ట్ చేసిన రోజే డిగ్రీ సీటు ఖాళీ అవుతుంది. సాఫ్ట్‌వేర్ కొత్తగా కొనక్కర్లేదు, రెండు శాఖలు ఒప్పుకుంటే చాలు. ఏ మేజర్ నడుస్తుందో, ఏది నడవదో ఇంజినీరింగ్ చివరి విడత ముగిశాకే తేల్చండి.

ఇక వరద. జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. కనకాయలంక లాంటి నది మధ్య ఊళ్లలో కాజ్‌వే మునిగితే పడవే దిక్కు. సీటు కేటాయింపు సరిగ్గా ఆ రోజుల్లోనే పడితే, గడువులోగా కాలేజీలో రిపోర్ట్ చెయ్యలేని పిల్లల సీటు రద్దవుతుంది. తర్వాత అర్జీ పెట్టుకోమనడం న్యాయం కాదు. రెండో హెచ్చరిక జారీ అయితే లంక గ్రామాలున్న మండలాల విద్యార్థులకు, హెచ్చరిక ఎత్తేశాక మరో 5 పనిదినాల గడువు దానంతటదే రావాలి. ఆ మాట ప్రవేశాల నోటిఫికేషన్‌లోనే రాసి ఉండాలి. కలెక్టర్ లేఖ కోసం, ప్రిన్సిపాల్ సిఫారసు కోసం పిల్లలు తిరగకూడదు.

ప్రవేశాలు ఆలస్యమైతే సెమిస్టర్లు వెనక్కి జరుగుతాయి. మొదటి ఏడాది తర్వాత వేసవిలో చెయ్యాల్సిన 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు వానల్లోకి వచ్చి పడుతుంది. నీళ్లు నిలిచిన ఊళ్లో ఇంటింటి సర్వే ఎలా జరుగుతుంది? ఫారాలు ఇంట్లో కూర్చునే నిండుతాయి, మార్కులూ వేసేస్తారు. అందుకే వచ్చే ఏడాది క్యాలెండర్ ఖరారు చేసే ముందు, ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయంతో పాటు జలవనరుల శాఖ అధికారిని కూడా ఆ సమావేశానికి పిలవండి.

ఇట్లు,
గోదావరి డెల్టా డిగ్రీ అధ్యాపకులు కొందరు