మా గడువులు సరే, మీ ట్రిబ్యునల్ గడువు సంగతేంటి?

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి గారికి నమస్కారాలు.

అమ్మా, బాకీ తీర్చనివాళ్ల తనఖా ఆస్తిని కోర్టుకి పోకుండానే బ్యాంకులు అమ్ముకోనిచ్చే సర్ఫేసీ చట్టం గురించి మీకు నేను చెప్పేదేముంది? ప్రింటింగ్ ప్రెస్సు లోనుకి ఇల్లు తనఖా పెట్టినవాణ్ణి నేను. అప్పు ఎగ్గొడతానని ఏనాడూ అనలేదు. మేం కట్టిన కొన్ని కిస్తీలను, బాకీ కట్టమని బ్యాంకు ఇచ్చిన 13(2) నోటీసులో చూపిన మొత్తంలోంచి తగ్గించలేదన్నదే మా తగాదా. లెక్క సరిచూడమని రాస్తే, మీ అభ్యంతరాలు ఆమోదయోగ్యం కాదని ఒక్క ముక్క రాసి పంపారు.

సివిల్ కోర్టుకి పోదామంటే 34వ సెక్షన్ అడ్డం. హైకోర్టుకి వెళితే ముందు డీఆర్టీకి, అంటే బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్‌కి వెళ్లమన్నారు. 17వ సెక్షన్ కింద మాకున్న గడువు 45 రోజులు. ఆలోపే ఫీజు కట్టి కేసు వేశాం. దాన్ని 60 రోజుల్లో తేల్చాలని, ఎంత ఆలస్యమైనా నాలుగు నెలలు దాటకూడదని అదే సెక్షన్‌లో ఉంది. ఆ నాలుగు నెలలు ఎప్పుడో అయిపోయాయి. అక్కడ కేసులు వినే ప్రిసైడింగ్ ఆఫీసర్ పోస్టు ఖాళీ. ఇన్‌ఛార్జి ఇంకో ఊళ్లో ఉంటారు. లిస్టు చివర్లో ఉన్న మా కేసు పిలుస్తారని సాయంత్రం దాకా కూర్చుంటే, గుమాస్తా వచ్చి ఇంకో తేదీ చెబుతాడు.

నాలుగు నెలలు దాటితే త్వరగా తేల్చమని అప్పిలేట్ ట్రిబ్యునల్‌ని అడగవచ్చట. అది కోల్‌కతాలో ఉంది! రేపు తీర్పు మాకు వ్యతిరేకంగా వస్తే అప్పీలుకీ అక్కడికే పోవాలి, అదీ బాకీలో సగం డిపాజిట్ చేశాక. వాళ్లు దయతలిస్తే పావు వంతు. అంత డబ్బే చేతిలో ఉంటే ఖాతా ఎన్‌పీఏ (మొండిబాకీ) అయ్యేదా తల్లీ? మొదటి విచారణకే 75 శాతం కట్టాలన్న నిబంధనను 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది కాబట్టి, ఈ గుమ్మమైనా ఎక్కగలిగాం.

బ్యాంకు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. కేసు నడుస్తుండగానే పేపర్లో వేలం ప్రకటన వేయించింది. నా పేరు, మా నాన్న పేరు, డోర్ నంబరు, నాలుగు హద్దులూ. తూర్పు హద్దుగా ఎవరి ఇల్లు రాశారో ఆయనే పేపరు పట్టుకొచ్చి చూపించారు. మా ఆవిడ ఆ రోజు వాకిట్లోకి రాలేదు. ప్రకటన పడ్డాక బాకీ మొత్తం తెచ్చి ఇచ్చినా ఇల్లు విడిపించుకునే హక్కు ఉండదని లాయరు గారన్నారు. 2016 సవరణ తర్వాత 13(8) అంతేనట.

మీ శాఖకి అర్జీలు పెట్టాం. వాటిని తీసుకెళ్లి ఆ బ్యాంకుకే పంపారు. అంతా నిబంధనల ప్రకారమే చేశామని బ్యాంకు చెప్పగానే, ఫిర్యాదు పరిష్కారమైందని నాకు మెసేజ్ వచ్చింది. చాలా సంతోషం.

ఖాళీ పోస్టులు నింపండమ్మా. ట్రిబ్యునల్ వల్లే ఆలస్యమైన కేసుల్లో, అది తేలేదాకా వేలం ఆపమని బ్యాంకులకు చెప్పండి. దండం పెట్టి అడుగుతున్నాను, ముందు పోస్టులు నింపండి. మా ఇంటి వేలం ఈ నెలలో, కేసు వాయిదా వచ్చే నెలలో. వీటిని అటూ ఇటూ మార్చడం మీ చేతిలో లేదంటే, ఎవరి చేతిలో ఉందో అదైనా చెప్పండి.

ఇట్లు,
ఒక తనఖా బాకీదారు