కాప్టిక్ ఐకాన్లకు నూనెరంగులు కావు, పచ్చసొన

సంపాదకుడికి,

ఈజిప్టు క్రైస్తవుల కాప్టిక్ ఐకాన్ల (చెక్క పలక మీద వేసే పవిత్ర చిత్రాల) మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బావుంది. అయితే 'ఫయ్యూం మమ్మీ చిత్తరువుల నుంచి తెగకుండా వచ్చిన శైలి' అన్న మాట సరికాదు. మమ్మీల ముఖాల మీద పెట్టిన ఆ చిత్తరువులు క్రీస్తుశకం 1-3 శతాబ్దాలవి, చాలావాటికి రంగు కలిపింది తేనెమైనంలో. తర్వాత బయటి చేతులూ పడ్డాయి: 18వ శతాబ్దంలో కైరో చర్చిలకు ఐకాన్లు వేసిన యుహన్నా అల్ అర్మనీ ఆర్మీనియా సంతతివాడు. నేటి శైలిని కూర్చి శిష్యులకు నేర్పింది ఐజాక్ ఫానూస్ (1919-2007). ఆయన 1960లలో పారిస్ వెళ్లి రష్యన్ చిత్రకారుడు లియోనిద్ ఉస్పెన్‌స్కీ దగ్గర చదువుకున్నాడు. పాత నమూనాలను మళ్లీ పట్టుకున్నాడంటే ఒప్పుకోవచ్చు. ఈజిప్టులోని బావీత్ మఠం నుంచి పారిస్ లూవ్ర్ మ్యూజియానికి చేరిన పాత ఐకాన్ ఫలకం చూడండి: పొట్టి ఒళ్లు, పెద్ద తలలు, మఠాధిపతి మేనా భుజం మీద క్రీస్తు వేసిన చెయ్యి.

రంగులు 'నూనెతో కలిపినవి' అని రాశారు. ఫానూస్ నేర్పిన సంప్రదాయ పద్ధతిలో కలిపేది గుడ్డు పచ్చసొనతో. దానికి ముందు చెక్క పని ఉంది. పలక వంగకుండా వెనక అడ్డపట్టీలు గాడిలో జారేలా పెట్టాలి. గట్టిగా అంటించేస్తే చెక్క ఉబ్బడానికీ కుంచించుకోవడానికీ వీల్లేక చీలుతుంది. పైన నారబట్ట అంటించి, జంతువుల తోలు నుంచి తీసిన జిగురులో సుద్దపొడి కలిపి 8-10 పూతలు వేస్తారు. జిగురు ఒక పాలుకి నీళ్లు 10-12 పాళ్లు, రాత్రంతా నానాలి. కాచేటప్పుడు మరిగిందా, పట్టు పోయినట్టే. జిగురు ఎక్కువైతే పూత పగుళ్లిస్తుంది, తక్కువైతే వేలికి పొడి అంటుతుంది. గిలక్కొడితే బుడగలు పడి పూత నిండా సూదిబెజ్జాలు. గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసే చేర్యాల నకాషీ చిత్రకారులకు ఈ తిప్పలు కొత్త కాదు.

సొనను అరచేతుల్లో మార్చుతూ తెల్లసొన వదిలించి, పైపొరను వేళ్లతో పట్టుకుని పొడిచి, లోపలిది మాత్రం గిన్నెలోకి దించాలి. అంతే కొలత నీళ్లు, నాలుగు చుక్కల వెనిగర్. సొన ఎక్కువైతే జిడ్డు మెరుపు వచ్చి తర్వాత పెచ్చులూడుతుంది. తక్కువైతే ఆరాక కూడా రంగు చేతికొస్తుంది. ముఖాన్ని ముదురు మట్టిరంగుతో మొదలుపెట్టి, పలుచని పూతలతో వెలుగుకి తెస్తారు. వార్నిష్‌కి కొన్ని నెలలు ఆగాలి, తొందరపడితే మరకలు మరకలుగా ఇంకుతుంది.

ఇప్పుడు ప్లైవుడ్ మీద ఆక్రిలిక్‌తో వేసేవాళ్లూ ఉన్నారు. పని తొందరగా తెములుతుంది. ఆ ముఖాల మీది ప్లాస్టిక్ మెరుపు మాత్రం నా కంటికి ఆనదు.

- ఒక పాఠకుడు, వరంగల్